ఆఖరి పేజీకి ముందే దొంగ దొరుకుతాడా?

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు కొంచెం సంకోచించాను. పే రివిజన్ గురించి, డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే బాగా తెలిసినవారు మనలో ఉన్నారు. ఆధ్యాత్మిక విషయాలు వ్రాయగల పెద్దలూ ఉన్నారు. నాకు తెలిసిందల్లా మధ్యాహ్నం టిఫిను వేళ ఫైళ్ళ చాటున చదివిన డిటెక్టివ్ నవలలు. "అదే వ్రాయండి, మా ఇంట్లో వాళ్ళు కూడా చదువుతారు" అన్నారు కార్యదర్శిగారు. అందుకే ఈ సాహసం.

నేను 1965లో ఉద్యోగంలో చేరాను. పాతబస్తీలో, గుల్జార్ హౌజ్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో మా ఆఫీసు. అక్కౌంట్సు సెక్షన్‌లో ఏడుగురం. శాలిబండ వెళ్ళే దారిలో ఒక చిన్న కిరాయి పుస్తకాల దుకాణం ఉండేది. రోజుకు పది పైసలు. వారపత్రికల సీరియల్స్ కుట్టిన బైండులు, డిటెక్టివ్ నవలలు, ఉర్దూ జాసూసీ పుస్తకాలు అన్నీ ఒకే గూట్లో ఉండేవి. ఒకసారి నేను తెచ్చిన నవలకు చివరి పది పన్నెండు పేజీలు లేవు. దుకాణదారును అడిగితే "అందుకే సగం కిరాయి తీసుకున్న గద" అన్నాడు!

అప్పటికే సెక్షన్‌లో అందరూ కథ విన్నారు. టిఫిను వేళ ఒకరు పైకి చదవడం, మిగతావాళ్ళు వినడం మాకు అలవాటు. హంతకుడెవరో తెలియకుండా సాయంత్రం ఇంటికెలా వెళ్ళడం? అప్పుడు మా హెడ్ క్లర్కుగారు ఒక ఉపాయం చెప్పారు. తలా ఒక చీటీ మీద హంతకుడి పేరు వ్రాసి ఖాళీ టిఫిను డబ్బాలో వేయాలి. పూర్తి పుస్తకం దొరికినప్పుడు తెరిచి చూడాలి. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకు ఇరానీ చాయ్ తాగించాలి. వారం తర్వాత కోఠీ ఫుట్‌పాత్ మీద ఇంకొక ప్రతి దొరికింది. ఏడు చీటీల్లో ఒక్కటీ సరైనది కాదు. సరిగ్గా చెప్పినవాడు చీటీ వేయనివాడు. అతను మా అటెండరు. చాయ్ గ్లాసులు అందిస్తూ, తలుపు దగ్గర నిలబడి విన్నవాడు.

ఆ రోజు నుండి మా డబ్బాలో ఎనిమిదో చీటీ చేరింది. అతనికి వ్రాయడం రాదు కనుక అతని చీటీ నేను వ్రాసేవాణ్ణి. ఆటలో ఎక్కువసార్లు గెలిచింది అతనే. ఎట్లా కనిపెట్టావయ్యా అంటే "ఎవరూ అడగకముందే వాడు జవాబు చెప్పిండు సార్" అనేవాడు. ఇంతకంటే మంచి డిటెక్టివ్ సూత్రం నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

ఆట పుట్టిన విధము

ముగింపు రాకముందే రహస్యం కనిపెట్టే ఈ ఆట మా ఆఫీసులో పుట్టిందని నేను ఆ రోజుల్లో నిజంగానే అనుకున్నాను. తర్వాత చదివితే, డిటెక్టివ్ కథ ఎంత పాతదో ఈ ఆటా అంత పాతదని తెలిసింది.

1841 ఏప్రిల్‌లో అమెరికాలో ఎడ్గార్ ఎలెన్ పో వ్రాసిన 'రూ మోర్గ్ హత్యలు' అచ్చయింది. మొట్టమొదటి డిటెక్టివ్ కథగా సాహిత్య చరిత్రకారులు చాలామంది దాన్నే లెక్కిస్తారు. అదే సంవత్సరం ఇంగ్లండులో చార్లెస్ డికెన్స్ 'బార్నబీ రడ్జ్' అనే నవలను భాగాలుగా ప్రకటిస్తున్నాడు. అందులో ఒక పాత హత్య రహస్యం ఉంది. నవల ఇంకా పూర్తికాకముందే, మే 1వ తేదీన పో ఒక పత్రికలో సమీక్ష వ్రాసి హంతకుడెవరో ముందే ప్రకటించాడు. ఆ ఊహ నిజమైంది. అయితే మిగతా కథ ఎట్లా నడుస్తుందని అతను ఊహించాడో అందులో చాలాభాగం తప్పింది. మరుసటి సంవత్సరం నవల పూర్తయ్యాక మళ్ళీ సమీక్ష వ్రాస్తూ తన పొరపాటు ఒప్పుకున్నాడు, ఒప్పుకుంటూనే తాను ఊహించిన కథే బాగుండేదన్నట్టు వాదించాడు. ఓడిపోయిన పాఠకుడి మాట ఎప్పుడూ ఇంతే. మా హెడ్ క్లర్కుగారు కూడా "రచయితకు తెలియలేదు గానీ నేను చెప్పిందే న్యాయం" అనేవారు.

డికెన్స్ విషయంలోనే ఇంకొక విచిత్రం జరిగింది. 1870లో ఆయన 'ఎడ్విన్ డ్రూడ్ రహస్యం' అనే నవలను భాగాలుగా ప్రకటించడం మొదలుపెట్టాడు. పన్నెండు భాగాలు రావలసి ఉండగా ఆరు భాగాలకు సరిపడా వ్రాసి జూన్ 9న కన్నుమూశాడు. డ్రూడ్ ఏమయ్యాడో, చంపితే ఎవరు చంపారో లోకానికి తెలియకుండా పోయింది. ఆ లోటు పూరించడానికి ఎంతమంది ఎన్ని ముగింపులు వ్రాశారో లెక్కలేదు. 1914 జనవరిలో లండన్‌లో ఆ నవలలోని అనుమానితుడి మీద సరదాకు ఒక కోర్టు విచారణే నడిపారు. చెస్టర్టన్ జడ్జి, బెర్నార్డ్ షా జ్యూరీ పెద్ద! మా కిరాయి పుస్తకానికి పన్నెండు పేజీలు చిరిగిపోతే, లోకానికి సగం పుస్తకం చిరిగిపోయిందన్నమాట.

ముగింపు దాచి లాభం పొందుదామనుకున్నవాడు ఎడ్గార్ వాలెస్. 1905లో తన 'ది ఫోర్ జస్ట్ మెన్' నవలను సొంతంగా అచ్చు వేయించి, హత్య ఎట్లా జరిగిందో చెప్పకుండా వదిలి, సరిగ్గా చెప్పిన పాఠకులకు 500 పౌండ్ల బహుమతులు ప్రకటించాడు. పత్రికల్లో విపరీతంగా ప్రచారం చేశాడు. కానీ సరైన జవాబు ఎంతమంది పంపినా బహుమతి ఇంతమందికే అని షరతు పెట్టడం మరచిపోయాడు. సరైన జవాబులు కుప్పలుగా వచ్చిపడ్డాయి. పుస్తకం బాగా అమ్ముడుపోయి కూడా రచయిత అప్పులపాలయ్యాడు. పత్రికాధిపతి హార్మ్స్‌వర్త్ డబ్బు సర్దితే గానీ గట్టెక్కలేదు. జి.ఓ.లో ఒక్క షరతు విడిచిపెడితే ఖజానాకు ఏమవుతుందో తెలిసిన మన మిత్రులకు ఇది వివరించనక్కరలేదు.

నియమాలు ఏర్పడిన కాలము

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఈ ఆటకు పద్ధతి వచ్చింది. యుద్ధకాలంలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసిన అగథా క్రిస్టీ అక్కడ విషాల గురించి నేర్చుకుని తన తొలి నవల వ్రాసింది. అది 1920లో అచ్చయింది. అచ్చుకు ముందు ప్రచురణకర్త ఆఖరి అధ్యాయాన్ని ఆమె చేత తిరిగి వ్రాయించాడు. కోర్టులో తేలవలసిన రహస్యాన్ని ఆమె ఇంటి హాల్లోకి మార్చింది. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి డిటెక్టివ్ గుట్టు విప్పే దృశ్యానికి ఆమె నవలల్లో అదే నాంది.

1929లో రోనాల్డ్ నాక్స్ అనే మతాచార్యుడు డిటెక్టివ్ కథకు పది నియమాలు వ్రాశాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి. దయ్యాలూ మంత్రాలూ పనికిరావు. డిటెక్టివుకు దొరికిన ఆధారం పాఠకుడికీ కనిపించాలి. క్లుప్తంగా చెప్పాలంటే, రచయిత పేకముక్కలు దాచకూడదు. అదే సంవత్సరం అమెరికాలో ఎల్లెరీ క్వీన్ తొలి నవల వచ్చింది. ఆఖరి అధ్యాయాలకు ముందు కథ ఆపి "ఆధారాలన్నీ మీ ముందున్నాయి, ఇక మీరే చెప్పండి" అన్న అర్థంలో పాఠకుడికి సవాలు విసరడం ఆ రచయితల పద్ధతి. 1930లో లండన్‌లో రచయితలు డిటెక్షన్ క్లబ్ పెట్టుకున్నారు. 1936లో డెన్నిస్ వీట్లీ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. ఆయన 'మర్డర్ ఆఫ్ మయామి' పుస్తకం చూడ్డానికి పోలీసు ఫైలులాగే ఉంటుంది. అందులో ఉత్తరాలు, ఫోటోలు, వెంట్రుకలు, కాలిన అగ్గిపుల్ల అతికించి, జవాబున్న చివరి పేజీలకు సీలు వేశారు.

మన పక్క చిరిగిన పేజీలు, వాళ్ళ పక్క సీలు వేసిన పేజీలు. ఆట మాత్రం ఒక్కటే.

తెలుగు పాఠకుడి భాగ్యము

తెలుగులో అపరాధ పరిశోధక నవల ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే వచ్చింది. దేవరాజు వేంకటకృష్ణారావుగారి 'వాడే వీడు' 1912 నాటిది. తెలుగు డిటెక్టివ్ నవలల్లో మొదటిదిగా దాన్ని పేర్కొంటారు. పేరులోనే సవాలుంది చూడండి: వాడెవడు, వీడెవడు? ఆ కాలంలోనే వంగ నవలలు వెల్లువగా తెలుగులోకి వచ్చాయి. వాటితోపాటు పాంచ్‌కడీ దే వ్రాసిన డిటెక్టివ్ నవలలు కూడా అనువాదమయ్యాయి. మన తాతలు దీపం బుడ్డి వెలుగులో చదివినవి అవే.

మా తరానికి డిటెక్టివ్ అంటే యుగంధర్. కొమ్మూరి సాంబశివరావుగారు (1926-1994) సృష్టించిన ఈ డిటెక్టివ్, అతని అసిస్టెంటు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు మా ఇళ్ళలో బంధువులంత పరిచితులు. 'చీకటికి వేయికళ్ళు', 'లక్షాధికారి హత్య' చేతులు మారి మారి అట్టలు ఊడిపోయేవి. మహాకవులనుకున్నవారు కూడా ఈ రంగాన్ని చిన్నచూపు చూడలేదు. ఆరుద్రగారు 'ఆనకట్ట మీద హత్య', 'పలకల వెండిగ్లాసు' వంటి డిటెక్టివ్ నవలలు వ్రాశారు. టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ వంటివారి నవలలు కూడా కిరాయి దుకాణాలను పోషించాయి.

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. ఈ నవలల్లో చాలావాటిలో నాక్స్ దొరగారి పది నియమాలు వెదికితే దొరకవు. మారువేషాలు, వెంటాడడాలు, రహస్య మార్గాలు ఎక్కువ. ఆఖరి అధ్యాయంలో కొత్త మనిషి వచ్చి "నేనే హంతకుణ్ణి" అన్న సందర్భాలూ ఉన్నాయి. అయినా మేము ఆట మానలేదు. రచయిత న్యాయంగా ఆడకపోయినా పాఠకుడు న్యాయంగానే ఆడేవాడు. చీటీ వేసేముందు ఎవరూ ఆఖరి పేజీ చూడకూడదన్నది మా సెక్షన్ నియమం. చూసినట్టు తెలిస్తే వారం రోజులు చాయ్ ఖర్చు అతనిదే.

మొగల్‌పురా మిత్రుడు

మా సెక్షన్‌లో మొగల్‌పురా నుండి వచ్చే మిత్రుడు ఒకరుండేవారు. తెలుగు చక్కగా మాట్లాడేవారు, చదవడం మాత్రం ఉర్దూలో. మేము యుగంధర్ కథ వినిపిస్తే ఆయన మాకు ఇబ్నె సఫీని వినిపించేవారు, ఒక వాక్యం ఉర్దూలో, ఒక వాక్యం తెలుగులో. ఛత్తా బజారులో కాతిబులు ఉర్దూ అక్షరాలు చేత్తో తీర్చి వ్రాస్తుంటే చూస్తూ నిలబడడం ఆయనకు సరదా. ఆయన తండ్రిగారి కాలంలో తీరథ్‌రామ్ ఫిరోజ్‌పురీ ఇంగ్లీషు డిటెక్టివ్ నవలలను ఉర్దూలోకి తెచ్చేవారు. తర్వాతి తరానికి ఇబ్నె సఫీయే రాజు.

ఇబ్నె సఫీ 1928లో అలహాబాద్ జిల్లాలో పుట్టారు. 1952లో అలహాబాద్ నుండి 'జాసూసీ దునియా' మొదలైంది. కర్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్ అందులో నాయకులు. ఆయన అదే సంవత్సరం కరాచీ వెళ్ళిపోయినా, ఆయన నవలలు ఇక్కడా అక్కడా కూడా వెలువడుతూనే ఉన్నాయి. 1955లో ఇమ్రాన్ సీరీస్ ప్రారంభించారు. 1960 నుండి మూడేళ్ళు జబ్బుపడి ఏమీ వ్రాయలేదు. కోలుకుని వ్రాసిన 'డేఢ్ మత్‌వాలే' 1963 నవంబరులో మన దేశంలో విడుదలైనప్పుడు ఆవిష్కరించినది లాల్ బహదూర్ శాస్త్రిగారు! 1980లో, తన పుట్టినరోజైన జూలై 26నే ఇబ్నె సఫీ మరణించారు.

ఇమ్రాన్ కథల్లో ఒక తమాషా ఉంది. పైకి వెర్రిబాగులవాడిలా తిరిగే ఇమ్రానే రహస్య సంస్థకు అధిపతి 'ఎక్స్-టూ'. ఆ సంగతి పాఠకుడికి తెలుసు, అతని కింద పనిచేసేవాళ్ళకు తెలియదు. అంటే ఇక్కడ ఆట తిరగబడింది. జవాబు మన దగ్గరుంది, వెదికేది కథలోని మనుషులు. మా మిత్రుడు ఈ మాట చెప్పి నవ్వేవారు. తొందరపడి చీటీ వ్రాయబోతే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపేవారు. "పహలే పూరా సునో, ఫిర్ బోలో" అనేవారు. ముందు పూర్తిగా విను, తర్వాత మాట్లాడు.

చౌమహల్లాలో వజ్రము

నేర కథకు పాతబస్తీ కొత్తది కాదు. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో అచ్చువేసిన 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్' నవలలో మన హైదరాబాద్ కనిపిస్తుంది. కాని అందులో కనిపెట్టేదేమీ లేదు. మొదటి పేజీ నుండి కథ చెప్పేవాడే నేరస్థుడు. నిజంగా బుర్రకు పని పెట్టే వ్యవహారం ఒకటి తర్వాత ఇక్కడే జరిగింది.

1891లో సిమ్లా నగల వ్యాపారి అలెగ్జాండర్ జేకబ్ ఒక పెద్ద వజ్రాన్ని ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు అమ్మజూపాడు. బేరం 46 లక్షలు. అందులో సగం, 23 లక్షలు ముందుగా చెల్లించారు. తర్వాత నిజాం వద్దన్నారు, డబ్బు తిరిగి రాలేదు. వ్యవహారం కలకత్తా హైకోర్టుకు ఎక్కింది. జేకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు గాని వ్యాపారం దెబ్బతిన్నది. రాజీ కుదిరి వజ్రం నిజాం దగ్గరే మిగిలింది. ఇన్ని తలనొప్పులు తెచ్చిన రాయి ఆయనకు కంటగింపు అయింది కాబోలు, దాన్ని ఎక్కడో పడవేశారు. ఆయన పోయాక, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు అది చౌమహల్లా ప్యాలెస్‌లో తండ్రిగారి జోడు మునివేళ్ళ దగ్గర దొరికిందని చెబుతారు. ఆయన దాన్ని పేపర్‌వెయిట్‌గా వాడారట!

గోల్కొండ వజ్రాల ఊరిలో ఇంత కథ నడిపిన ఆ రాయి దక్షిణాఫ్రికాది కావడం ఇంకొక విశేషం. దాని బరువు 184.75 క్యారట్లు. 1995లో నిజాం ఆభరణాలు 173 వస్తువులను భారత ప్రభుత్వం 218 కోట్లకు కొన్నది. అందులో ఈ జేకబ్ వజ్రం కూడా ఉంది. తర్వాత సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శించినప్పుడు మనలో చాలామంది వరుసలో నిలబడి చూసినవాళ్ళమే.

పో 1844లో వ్రాసిన 'దొంగిలించిన ఉత్తరం' కథలో పోలీసులు ఇల్లంతా తవ్వి వెదికినా దొరకని ఉత్తరం అందరికీ కనిపించే చోటనే ఉంటుంది. చెప్పులో వజ్రం వినగానే నాకు ఆ కథే గుర్తుకు వస్తుంది. ముఖ్యమైన ఆధారం ఎక్కడో లోతుగా ఉండదు. చూసే చోటనే ఉంటుంది, మనం చూడం. ఈ మాట నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఆ సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

మా సెక్షన్ కేసు

1971లో ఒక నెలాఖరున మా సెక్షన్ నగదు లెక్కలో 270 రూపాయలు తక్కువ వచ్చింది. పుస్తకంలో ఉన్న నిల్వకూ పెట్టెలో ఉన్న నగదుకూ అంత తేడా. ఆ రోజుల్లో అటెండరు నెల జీతం కంటే అది ఎక్కువ. రెండుసార్లు నోట్లు లెక్కపెట్టాం. తేడా తేడాగానే ఉంది.

ఆ వారంలోనే మా అటెండరు కొత్త సైకిలు కొన్నాడు. పెట్టె ఉన్న గదికి తాళం వేసేది అతనే. అంతకు ముందురోజు ఎందుకో తొందరగా ఇంటికి వెళ్ళాడు. ఇంకేం కావాలి? డిటెక్టివ్ నవలలు చదివి చదివి పదును తేరిన మా బుర్రలకు ఆధారాలన్నీ కళ్ళకు కట్టినట్టు కనిపించాయి. ఎవరో వేళాకోళానికి టిఫిను డబ్బా తీశారు. చీటీలు వేశాం. తెరిచి చూస్తే ఏడింటిలో ఆరింటి మీద అతని పేరే. ఏడోది ఖాళీ కాగితం. అది మా మొగల్‌పురా మిత్రుడిది. ఆ ఆరింటిలో ఒకటి నాది. అతని చీటీలు వ్రాసిపెట్టిన చేత్తోనే అతని పేరు వ్రాశాను.

ఆ మాట పైవరకూ వెళ్ళింది. అతనికి మెమో ఇచ్చారు, వేరే సెక్షన్‌కు మార్చారు. సైకిలు డబ్బు తన భార్య చిట్టీ పాడి తెచ్చిందని చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. నవలల్లో నేరస్థులందరూ అట్లాంటి కారణమే చెబుతారు గదా!

పన్నెండో రోజున తనిఖీ వాళ్ళు వచ్చారు. క్యాష్‌బుక్ తిరగేస్తూ ఒక పెద్దాయన "తేడా ఎంత?" అన్నారు. 270 అన్నాం. "తొమ్మిదితో పోతుంది గదా, అంకెలు తారుమారు అయినాయేమో చూశారా?" అన్నారు. అక్కౌంట్సు పరీక్ష పాసైన ప్రతివాడికీ ఇది తెలుసు. రెండు అంకెలు స్థానాలు మారితే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడుతుంది. ఒక పేజీ చివర 1,368 ఉన్నది. దాన్ని తర్వాతి పేజీ మొదట్లో 1,638 అని ఎత్తి వ్రాశారు. తేడా సరిగ్గా 270. పెట్టెలోంచి ఒక్క పైసా పోలేదు.

ఆ ఎత్తి వ్రాసినది నా చేతివ్రాత.

మెమో రద్దు చేశారు. నేను మందలింపుతో బయటపడ్డాను. అతను పాత సెక్షన్‌కు తిరిగి వచ్చాడు, చాయ్ తెచ్చేవాడు, నమస్తే పెట్టేవాడు. కథ చదువుతున్నప్పుడు మాత్రం తలుపు దగ్గర నిలబడలేదు. డబ్బాలో ఎనిమిదో చీటీ మళ్ళీ పడలేదు. కొన్నాళ్ళకు మేమూ ఆట మానేశాం. ఎవరూ మానేద్దామని అనలేదు, మానేశాం అంతే.

ఏళ్ళ తర్వాత అతను రిటైరైనప్పుడు అలియాబాద్‌లో అతని ఇంటికి వెళ్ళి, అంతవరకూ నోరు పెగలని క్షమాపణ చెప్పుకున్నాను. చాయ్ ఇచ్చి కూర్చోబెట్టాడు. కోపం చూపలేదు. "లెక్క ఇంకొక్కసారి కూడి చూస్తే అయిపోవు గద సార్" అన్నాడు. ఇప్పుడు అతను లేడు. ఆ మాట మిగిలింది.

కానన్ డాయిల్ చేసిన పని

ఈ సందర్భంలో షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కానన్ డాయిల్ సంగతి చెప్పాలి. ఇంగ్లండులో జార్జి ఎడల్జీ అని ఒక యువ న్యాయవాది ఉండేవాడు. అతని తండ్రి బొంబాయి నుండి వెళ్ళిన పార్శీ, క్రైస్తవం తీసుకుని అక్కడి చర్చిలో మతాచార్యుడయ్యాడు. 1903లో ఆ ఊళ్ళో రాత్రిపూట పశువులను, గుర్రాలను ఎవరో కోసి గాయపరుస్తుంటే, ఆ నేరం జార్జి మీద మోపి ఏడేళ్ళ శిక్ష వేశారు. మూడేళ్ళ తర్వాత విడిచిపెట్టారు గాని మచ్చ పోలేదు. డాయిల్ అతన్ని ఒక హోటల్లో కలుసుకోవడానికి వెళ్ళాడు. అతను పేపరును కళ్ళకు దగ్గరగా, కొంచెం పక్కకు పెట్టి చదువుకోవడం దూరం నుండే గమనించాడు. ఇంత చూపు తక్కువ మనిషి చీకట్లో పొలాలు దాటి వెళ్ళి ఆ పని ఎట్లా చేయగలడు? అక్కడి నుండి మొదలుపెట్టి 1907లో పత్రికలో వరుసగా వ్యాసాలు వ్రాశాడు. ఆ సంవత్సరమే ఎడల్జీకి క్షమాభిక్ష దొరికింది. పరిహారం మాత్రం ఇవ్వలేదు. అక్కడ క్రిమినల్ అప్పీలు కోర్టు ఏర్పాటు కావడానికి ఈ కేసు కూడా ఒక కారణమని చెబుతారు.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది తర్వాతి భాగం. అసలు నేరస్థుడు ఫలానావాడని డాయిల్ గట్టిగా నమ్మి ఇంకొకరిని వేలెత్తి చూపాడు. అది రుజువు కాలేదు, ప్రభుత్వం అంగీకరించలేదు. నిర్దోషిని కాపాడడంలో అంత జాగ్రత్తగా ఉన్న మేధావి కూడా దోషిని పట్టుకోవడంలో తొందరపడ్డాడు. పో విషయం కూడా ఇంతే గదా. పేరు సరిగ్గా చెప్పాడు, కథ తప్పు చెప్పాడు. మేమైతే పేరే తప్పు చెప్పాం.

చివరగా

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ప్రతి ఏటా బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకునే మనకు సాక్ష్యం విలువ ఒకరు చెప్పనక్కరలేదు. మా మనుమరాలు సెలవులకు వచ్చినప్పుడు క్రిస్టీ నవలలు చదివి వినిపిస్తుంది. టిఫిను డబ్బా మళ్ళీ బయటికి తీశాం. కాకపోతే నియమాలు మార్చాను. చీటీ మీద పేరు వ్రాస్తే చాలదు. ఎందుకో మూడు కారణాలు వ్రాయాలి. మన ఊహకు సరిపడని ఆధారం ఏదైనా ఉంటే అదీ కింద వ్రాయాలి. ఆ చివరి గీత దగ్గరే పిల్ల చాలాసేపు కలం కొరుకుతూ కూర్చుంటుంది.

ముందే కనిపెట్టాలనుకునే మిత్రులకు నా అనుభవంలో తేలిన నాలుగు మాటలు. కథలో ఎవరెప్పుడు ఎక్కడున్నారో ఒక కాగితం మీద వేసుకోండి. అందరూ నిజమనుకున్న మొదటి మాటను మళ్ళీ పరీక్షించండి. అడగకముందే జవాబు చెప్పినవాణ్ణి గుర్తుంచుకోండి. కొత్త సైకిలు కొన్నవాణ్ణి మాత్రం తొందరపడి అనుమానించకండి.

ఆట గెలిస్తే సంతోషమే. ఓడిపోతే ఇంకా సంతోషం, ఎందుకంటే ఆ రచయిత పుస్తకం ఇంకొకటి చదవవచ్చు. పుస్తకంలో తప్పు పేరు వ్రాస్తే ఒక చాయ్‌తో పోతుంది. బయట అట్లా పోదు.

మన సభ్యుల ఇళ్ళలో అట్టలు ఊడిన యుగంధర్ నవలలు, ఇబ్నె సఫీ పాత ప్రతులు ఉంటే పారవేయవద్దని మనవి. చివరి పేజీలు లేనివైనా ఫరవాలేదు, సంఘం ఆఫీసులో ఇస్తే నేను వచ్చి తీసుకుంటాను.